గంటకోసారి వచ్చే కబురు

అందరికీ నమస్కారం. హార్మోన్ల టెస్టు రిపోర్టు చేతికి రాగానే మనం వెతికేది అంకె. తక్కువుందా, ఎక్కువుందా అని టెన్షన్. ఇవాళ నేను చెప్పబోయే పెప్టైడ్‌ని (అమైనో ఆమ్లాల గొలుసుని) మాత్రం ఎంతసేపటికోసారి వస్తోందో చూడకుండా అర్థం చేసుకోలేం.

దాని పేరు జీఎన్ఆర్‌హెచ్. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో తయారై, సన్నటి రక్తనాళాల గుండా దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరి, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లను విడుదల చేయిస్తుంది. అండాశయాలనైనా, వృషణాలనైనా పని చేయించేవి ఆ రెండే. రక్తంలోకి వచ్చిన కొద్ది నిమిషాలకే ఇది విరిగిపోతుంది. ఇంత చిన్నదాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు ఆండ్రూ షాలీ పందుల మెదళ్లు, రోజర్ గిల్లెమిన్ గొర్రెల మెదళ్లు లక్షల్లో సేకరించాల్సి వచ్చింది. ఇద్దరూ బద్ధ పోటీదారులు. 1977 నోబెల్‌ని మాత్రం పంచుకోక తప్పలేదు!

అసలు సంగతి 1978లో బయటపడింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్నోబిల్ బృందం, సొంతంగా ఈ పెప్టైడ్ తయారు కాకుండా చేసిన రీసస్ కోతులకు దాన్ని బయటినుంచి ఎక్కించింది. గంటకోసారి, ఆరు నిమిషాలు ఇస్తే రెండు హార్మోన్లూ చక్కగా వచ్చాయి. ఆపకుండా ఎక్కిస్తే పడిపోయాయి. మళ్లీ గంటకోసారి ఇస్తే కోలుకున్నాయి. రోజంతా ఫోన్ చేసేవాడి నంబరు మనం బ్లాక్ చేస్తామే, పిట్యూటరీ కణమూ అంతే. ఈ కబురు అందుకునే పైనున్న గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటుంది.

వేగం కూడా లెక్కే. త్వరత్వరగా వస్తే ఎల్‌హెచ్ వైపు మొగ్గు, నిదానంగా వస్తే ఎఫ్ఎస్‌హెచ్ వైపు. పీసీఓఎస్ (ఆడవాళ్లలో నెలసరి గాడి తప్పే హార్మోన్ సమస్య) ఉన్న చాలామందిలో ఎల్‌హెచ్ పెరగడానికి ఇలా త్వరత్వరగా రావడం ఒక కారణం. జిమ్ముల్లో "హార్మోన్ పెంచే పెప్టైడ్" అని అమ్మేవాళ్లు ఈ లెక్కలేవీ చెప్పరు.

ఆపకుండా ఇస్తే హార్మోన్లు పడిపోయే గుణాన్నే డాక్టర్లు మందుగా వాడుకున్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ జీఎన్ఆర్‌హెచ్‌కి నకలే, కాకపోతే త్వరగా విరగదు. మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, ఆ తర్వాత బాగా పడిపోతుంది. ఆ మొదటి పెరుగుదల ప్రమాదం కాకుండా కొందరికి ముందుగా మాత్రలు ఇస్తారు. ఏడేళ్లకే ఈడుకొచ్చే లక్షణాలు కనిపించిన ఆడపిల్లలకూ ఈ రకం ఇంజెక్షనే ఇస్తారు. తగిన వయసులో ఆపేస్తే పిట్యూటరీ మళ్లీ మేలుకుంటుంది, ఆగిన ఈడు మార్పులు తిరిగి మొదలవుతాయి.