తేదీల చీటీ

సభకు నమస్కారం.

కడపలో నిలబడి పుస్తకం గురించి మాట్లాడవలసినవాడు ఎర్రముక్కపల్లె దాటి పోనక్కరలేదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నివసించిన బంగళా శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి విరాళాలు పోగుచేసి ఆ స్థలంలోనే నిలబెట్టిన గ్రంథాలయం అక్కడే ఉంది. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరికి వచ్చిన బ్రౌను, సొంత జీతం చాలక అప్పులు చేసి మరీ పండితులను పెట్టుకొని వ్రాతప్రతులు సేకరించాడని ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ పండితులు రోజంతా చేసిన పని ఏమిటన్నది మాత్రం అంతగా తలుచుకోం. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు ముందుంచుకొని, పద్యం పద్యంగా సరిచూసి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి సిద్ధం చేయడం వారి పని. అంటే వారు ప్రధానంగా చదివారు.

తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి ఆనదు. ఆకుపై మసి పూసి తుడిస్తే, గీతల్లో నిలిచిన నలుపే అక్షరమై తేలుతుంది. ఆ ఆకుకు పురుగు పడుతుంది, అంచు విరుగుతుంది, దారం తెగితే వరుస తప్పుతుంది. అందుకే కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు చదివి తిరగరాస్తేనే కావ్యం బతికేది. పసుపు కుంకుమలతో పూజలందుకుంటూ, ఎవరూ విప్పక అటక మీదే పొడి అయిపోయిన కట్టలెన్నో! తప్పులతోనైనా చదివి రాసుకున్నవి మనదాకా వచ్చాయి. 1829లో బ్రౌను అచ్చు వేయించిన వేమన పద్యాలు అంతకుముందే జనం నోళ్లలో నానుతూ ఉండినవి.

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికా రచనకుగాను జైలుకు వెళ్లారు. తరువాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ అంకితమయ్యారు. చదవగలిగినవాడు లేనిచోట ఎంత ఘాటుగా రాసినా ఏం లాభమని ఆయనకు తోచి ఉంటుందని నా ఊహ, ఊహే సుమా.

ఫోనులో చదివేవారితో నాకు తగవు లేదు, అదీ చదువే. అయినా శాఖా గ్రంథాలయంలో పుస్తకం తీయగానే నేను చూసేది చివరి అట్ట లోపల అతికించిన తేదీల చీటీనే. ఊదా సిరా ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి, గళ్లు చాలక పక్కన రెండో చీటీ అతికించిన పుస్తకాన్ని పీఠిక చూడకుండానే ఇంటికి తెచ్చుకుంటాను. మొన్న తెచ్చిన దానిలో ఎవరో పెన్సిలుతో ఒక పేరా పక్కన "ఇది ఒప్పుకోను" అని రాశారు. పుస్తకంపై గీతలు గీయరాదన్న నిబంధన నాకు తెలుసు. కానీ ఆ అజ్ఞాత పాఠకుడి పుణ్యమా అని ఆ పేరాను మూడుసార్లు చదివాను, చివరికి రచయిత పక్షమే వహించాను.

ఆ పుస్తకం గడువు రేపటితో తీరుతుంది. చీటీలో నా తేదీ కింద ఇంకా చోటుంది. కావలసినవారు ఎల్లుండి అడిగి తీసుకోవచ్చు.