పదకొండు వేల అక్షరాలు, ఒకే లెక్క

అందరికీ నమస్కారం. కొరియన్ లిపి హంగుల్ కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందో ఈ సాయంత్రం చెబుతాను. మొదట్లో ఆ లిపికి అన్యాయమే జరిగింది.

సెజోంగ్ రాజు 1443లో రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించిన లిపి ఇది. మన గుణింతంలాగే హల్లుకు అచ్చు కలుస్తుంది. అవసరమైతే అడుగున ఇంకో హల్లు చేరుతుంది. అన్నీ కలిసి ఒకే చదరపు గడిలో ఒదిగిపోతాయి. ఈనాటి కొరియన్‌లో మొదట వచ్చే హల్లులు 19, అచ్చులు 21, అడుగున వచ్చేవి 27. అడుగున ఏమీ లేకపోవడాన్ని కూడా ఒకటిగా లెక్కేస్తే 28. మూడూ గుణిస్తే 11,172 అక్షరాలు.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా, అంటే కోడ్‌గా, గుర్తుపెట్టుకుంటుంది. 1987లో దక్షిణ కొరియా తయారుచేసిన కోడ్ పట్టికలో 94 వరుసలు, వరుసకు 94 గళ్లు. అందులోనే 4,888 చైనా అక్షరాలకూ చోటివ్వాల్సి వచ్చింది. దాంతో హంగుల్‌కు దక్కినవి 2,350 గళ్లే. తరచుగా వాడే అక్షరాలను ఏరి పెట్టి, మిగతావన్నీ వదిలేశారు.

వదిలేసినవి ఎవరికి కావాలి అనిపించవచ్చు. టామ్ యమ్ అనే థాయ్ సూప్‌ని కొరియన్లు ‘త్తోమ్‌యామ్’ అని రాస్తారు. ఆ ‘త్తోమ్’ పట్టికలో లేదు. 1990లో వచ్చిన ఒక టీవీ సీరియల్ పేరు సరిగ్గా ఆ అక్షరంతోనే మొదలైంది! సొంత లిపిలో చక్కగా రాయగలిగిన మాటను మెషీన్ ఒప్పుకోకపోతే ఎంత బాధ! నిజానికి వేరే దారి అప్పటికే ఉంది. 16 బిట్లలో, అంటే సున్నా లేదా ఒకటి పట్టే 16 చోట్లలో, హల్లుకు 5, అచ్చుకు 5, అడుగు హల్లుకు 5 ఇస్తే అన్ని అక్షరాలూ పడతాయి. లిపి స్వభావానికి తగిన పద్ధతి అదే అని నా నమ్మకం. 1992లో దాన్ని ప్రమాణంలో అనుబంధంగా చేర్చారు కానీ, వాడుకలో మొదటిదే నిలిచింది.

ప్రపంచ లిపులన్నిటికీ ఒకే కోడ్ పట్టికగా తయారైన యూనికోడ్ కూడా 1991లో ఆ 2,350తోనే మొదలుపెట్టింది. 1993లో అవి 6,656 అయ్యాయి. చివరికి 1996లో, రెండో వెర్షన్‌లో, పాత స్థానాలు రద్దుచేసి మొత్తం 11,172నీ కొత్త చోట వరుసగా పేర్చారు. పాత కోడ్‌తో రాసిన ఫైళ్లు చెల్లకుండా పోయాయి. ఆ దెబ్బతోనే, ఒకసారి ఇచ్చిన స్థానాన్ని ఇక ఎప్పటికీ మార్చబోమని యూనికోడ్ మాట ఇచ్చింది. 3072 నుంచి 3199 దాకా ఉన్న మన తెలుగు గళ్లకూ ఆ మాటే రక్ష.

ఆ కొత్త వరుసలో ఎంత అందం ఉందో చూడండి. ‘హన్’ అనే అక్షరం తీసుకుందాం. సున్నా నుంచి లెక్కపెడితే ‘హ’ హల్లు 18వది, ‘అ’ అచ్చు 0, అడుగు ‘న’ 4. 18ని 21తో గుణించి, అచ్చు సంఖ్య కలిపి, 28తో గుణించి, 4 కలిపితే 10,588. దానికి మొదటి గడి 44,032 కలపండి: 54,620. ‘హన్’ ఉన్నది సరిగ్గా అక్కడే. ‘త్తోమ్’ కూడా ఇదే లెక్కతో 46,624 దగ్గర దొరుకుతుంది.

అయితే విడి ముక్కలకూ యూనికోడ్‌లో వేరే కోడ్లున్నాయి. కాబట్టి ‘హన్’ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, మూడుగానూ రాయొచ్చు. మ్యాక్‌లో పేరు పెట్టిన కొరియన్ ఫైల్ విండోస్‌లో ముక్కలు ముక్కలుగా కనిపించడానికి కారణం ఇదే. మన ఐత్వానికీ ఇలాగే రెండు రూపాలున్నాయి: ఒకటే కోడ్, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు. ఇక్కడున్న ప్రోగ్రామర్లకు నా విన్నపం ఒక్కటే. పేర్లు పోల్చే ముందు రెండు వైపులా నార్మలైజ్ చేయండి, అంటే రెండిటినీ ఒకే రూపంలోకి తెండి. లేకపోతే ‘కైలాస్’ అని వెతికిన మనిషికి, డేటాబేస్‌లో తన పేరు ఉన్నా, లేదనే జవాబు వస్తుంది.