సెంటు భూమి లేని ఛాన్సలర్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. పాత జర్మన్ సామ్రాజ్యం అనగానే బిస్మార్క్ దగ్గర మొదలుపెట్టి బిస్మార్క్ దగ్గరే ఆగిపోతాం. ఆయన తర్వాత ఛాన్సలర్, అంటే సామ్రాజ్యానికి ప్రధాని లాంటి పదవిలోకి వచ్చిన లియో ఫాన్ కాప్రివి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఈయనంటే మీకు అంత అభిమానం ఎందుకు?

మాస్టారు: పేదవాడి రొట్టె మీద సుంకం తగ్గించి, అందుకు సొంత వర్గం చేత తిట్లు తిన్న మనిషి అమ్మా. నాలుగున్నరేళ్లు పదవిలో ఉన్నాడు. ఆ నాలుగున్నరేళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా బాధ.

నిర్వాహకురాలు: రాజకీయాల్లోకి రాకముందు ఆయన ఏం చేసేవారు?

మాస్టారు: సైనికుడు. 1831లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో పుట్టాడు. తండ్రి ప్రష్యాలో, అంటే తర్వాత జర్మన్ సామ్రాజ్యంలో అతిపెద్ద భాగమైన రాజ్యంలో, పెద్ద న్యాయమూర్తి. పేరులో పెద్దింటి వంశానికి గుర్తుగా ‘ఫాన్’ ఉంది కానీ వెనక ఎస్టేటు లేదు, జీతమే ఆధారం. పెళ్లి చేసుకోలేదు. 1870 ఫ్రాన్స్ యుద్ధంలో పదో సైనిక దళానికి ప్రధాన వ్యూహాధికారి. 1883లో, ఓడల అనుభవం లేకపోయినా, నౌకాదళం అప్పగించారు. అదీ సమర్థంగానే నడిపాడు. కొత్తగా గద్దెనెక్కిన రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి ఆ శాఖను ముక్కలు చేస్తానంటే 1888లో రాజీనామా ఇచ్చేశాడు. అదే చక్రవర్తి 1890 మార్చిలో బిస్మార్క్‌ను సాగనంపి ఈయన్ను పిలిచాడు.

నిర్వాహకురాలు: ఆఫ్రికా పటంలో ఆయన పేరు ఉండేది కదా?

మాస్టారు: ఉండేది. 1890 జులైలో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి మీద బ్రిటన్ పెత్తనాన్ని జర్మనీ ఒప్పుకుంది. బదులుగా ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న దీవి వచ్చింది. దాంతోపాటు ఇప్పటి నమీబియా నుంచి జాంబెజి నది దాకా సన్నటి నేలపట్టీ కూడా. ఆ నదిలో దిగితే తూర్పు సముద్రానికి దారి దొరుకుతుందని ఆశ. మధ్యలో విక్టోరియా జలపాతం ఉంది, ఇక పడవ ఎలా వెళ్తుంది? అక్కడ నివసించే వాళ్లను ఎవరూ అడగలేదు. తమ నేలకు పరాయి ఛాన్సలర్ పేరు మోయాల్సి వచ్చింది. 2013లో నమీబియా ఆ ప్రాంతానికి జాంబెజి అని పేరు మార్చింది. మార్చడమే న్యాయం.

నిర్వాహకురాలు: ఇక రొట్టె సంగతికి వద్దాం.

మాస్టారు: అసలు కథ అదే. 1891లో పంటలు దెబ్బతిన్నాయి. రష్యాలో కరువు వచ్చి, ఆగస్టులో రై ధాన్యం ఎగుమతి ఆపేశారు. బెర్లిన్ కార్మికుడు తినేది రై రొట్టె. దాని ధర మండిపోతోంది. ఆ పైన విదేశీ ధాన్యం మీద వంద కిలోలకు 5 మార్కుల సుంకం, మార్కు అంటే అప్పటి జర్మన్ డబ్బు. అది ఎవరి మేలు కోసం? తూర్పు ప్రష్యా జమీందార్ల కోసం. వాళ్లను యుంకర్లు అంటారు. సైన్యంలో, కొలువులో, రాజు పక్కన అంతా వాళ్లే.

నిర్వాహకురాలు: వాళ్లతో పెట్టుకున్నారన్నమాట.

మాస్టారు: పెట్టుకున్నాడు. ఆస్ట్రియా-హంగేరీ, ఇటలీ, బెల్జియంలతో వాణిజ్య ఒప్పందాలు కుదిర్చాడు. వాళ్ల ధాన్యం మీద సుంకం 3.50 మార్కులకు దించాడు. బదులుగా జర్మన్ ఫ్యాక్టరీ సరుకుకు వాళ్లు తలుపులు తెరవాలి. అంతకు ముందు పదేళ్లలో 13 లక్షల మందికి పైగా జర్మన్లు బతుకుతెరువు కోసం దేశం విడిచి వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే. 1891 డిసెంబరు 10న పార్లమెంటులో, అంటే రైష్టాగ్‌లో, ఆయన అన్నాడు: “మనం ఎగుమతి చేయక తప్పదు. సరుకులనైనా ఎగుమతి చేయాలి, మనుషులనైనా ఎగుమతి చేయాలి.” సైన్యంలో జీవితం గడిపిన మనిషి నోట ఆ మాట రావడం చూడండి. వలస వెళ్లేవాడి ఇంటి పరిస్థితి తెలిసినవాడే అలా అనగలడు.

నిర్వాహకురాలు: సభ ఒప్పుకుందా?

మాస్టారు: భారీ మెజారిటీతో. సంతోషించిన చక్రవర్తి ఆయనకు కౌంట్ బిరుదు కూడా ఇచ్చాడు. అదే ఏడాది కార్మిక చట్టం వచ్చింది. ఆదివారం సెలవు, పదమూడేళ్లలోపు పిల్లలకు ఫ్యాక్టరీ పని నిషేధం, ఆడవాళ్లకు రోజుకు పదకొండు గంటలకు మించి పని లేదు. అప్పటికి అది చిన్న విషయం కాదు.

నిర్వాహకురాలు: మరి జమీందార్లు ఊరుకున్నారా?

మాస్టారు: 1893లో వ్యవసాయదారుల సంఘం పెట్టి ఊరూరా సభలు జరిపారు. సెంటు భూమి లేదు, గడ్డిపరక లేదు, వీడికి వ్యవసాయం ఏం తెలుసని ఎగతాళి చేశారు. నన్నడిగితే భూమి లేకపోవడమే ఆయన బలం. సుంకం తగ్గితే తన ఇంటికి వచ్చే నష్టమేమీ లేదు, అందుకే దేశం లెక్క చూడగలిగాడు. వాళ్ల అరుపులకు వెనక్కి తగ్గకుండా 1894లో రష్యాతోనూ పదేళ్ల ఒప్పందం చేశాడు.

నిర్వాహకురాలు: పదవి పోయింది దానివల్లేనా?

మాస్టారు: శత్రువులు తయారైంది దానివల్ల. చివరి దెబ్బ మాత్రం వేరే వైపు నుంచి వచ్చింది. 1894 జూన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు కార్నో హత్యకు గురయ్యాడు. అది చూసి చక్రవర్తి సోషలిస్టుల మీద కఠిన చట్టం కావాలన్నాడు. ప్రష్యా ప్రధాని బోటో ఓయిలెన్‌బుర్గ్ వంతపాడాడు. రైష్టాగ్ ఒప్పుకోకపోతే రాజ్యాంగాన్నే పక్కన పెడదామన్న ఆలోచన దాకా వెళ్లారు. కాప్రివి ససేమిరా అన్నాడు. అక్టోబరు 26న ఇద్దరినీ తప్పించారు.

నిర్వాహకురాలు: తర్వాత ఆత్మకథ లాంటిదేమైనా రాశారా?

మాస్టారు: లేదమ్మా. బిస్మార్క్ పత్రికల్లో రోజూ దుమ్మెత్తిపోస్తున్నా బదులివ్వలేదు. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న స్కూరెన్ అనే పల్లెలో బంధువుల ఇంట ఉండి, 1899 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆయన తన వాదన రాసిపెట్టకపోవడం చరిత్రకు నష్టమే. శత్రువుల మాటే చాలాకాలం నిలిచింది.

నిర్వాహకురాలు: ఆ ఒప్పందాలు ఏమయ్యాయి?

మాస్టారు: గడువు తీరేదాకా పనిచేశాయి. ఆ కాలంలో పరిశ్రమలు పెరిగాయి, అమెరికా ఓడ ఎక్కేవాళ్లు బాగా తగ్గారు. జమీందార్లు మాత్రం పట్టు వదల్లేదు. 1902లో ఛాన్సలర్ బ్యూలో కొత్త సుంకాల చట్టం తెచ్చాడు. 1906 మార్చిలో అది అమల్లోకి వచ్చి, గోధుమల మీద సుంకం 5.50 మార్కులైంది, కాప్రివి రాకముందు ఉన్నదానికంటే ఎక్కువ.