ఆ గడిలో నేను రాసిన మాట

(జాతీయ భద్రతా దినోత్సవం నాడు వరంగల్‌లో జిన్నింగ్ మిల్లుల యజమానులు, కార్మికుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న మిల్లు యజమానులకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడిన హమాలీ అన్నలకు, అక్కలకు నమస్కారం. మైకు కాస్త పెంచు బాబూ. వాళ్ల కోసం కాదు, నా కోసం. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏడు సీజన్లు గుమాస్తాగా పనిచేశాను. ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాను. నా మాట నాకు వినపడకపోతే అరుస్తాను. అరిస్తే కోపంగా ఉన్నానని మీరనుకుంటారు.

శాలువా అప్పుడే కప్పేశారు. నేను మాట్లాడాక కప్పాలా వద్దా అని ఆలోచించుకోవలసింది.

పత్తి మిల్లుల్లో భద్రత గురించి చెప్పమన్నారు. మూడు సంగతులు కాగితం మీద రాసుకొచ్చాను: దుమ్ము, నిప్పు, మిషను. పదిహేను నిమిషాలు ఇచ్చారు. 1966లో ఇదే మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది కాబట్టి ఏటా ఈ రోజున బ్యాడ్జీ పెట్టుకుంటాం, ప్రతిజ్ఞ చదువుతాం. ఇందాక చదివాం. నా వెనకున్నాయన పెదవులు కదిపాడు గానీ గొంతు రాలేదు. ఆయనను తప్పుపట్టను, నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను.

ముందు దుమ్ము. పత్తి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. దీని గుణం విచిత్రం. వారపు సెలవు గడిపి పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగబడుతుంది, ఊపిరి అందదు. వారం గడిచేకొద్దీ తగ్గినట్టే ఉంటుంది. అందుకే ఇంగ్లీషువాళ్లు సోమవారం జ్వరం అని పేరు పెట్టారు. మన దగ్గరేమో 'నిన్న బాగా తాగాడు, అందుకే దగ్గుతున్నాడు' అన్నారు. ఏళ్లు గడిస్తే ఆ బిగువు వారమంతా ఉంటుంది, చివరికి సెలవు పెట్టినా పోదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే ఈ జబ్బు పేరు ఉండేది. చూసిన డాక్టరు ప్రభుత్వానికి రాయాలి. మా మిల్లు వాళ్ల గురించి ఏ డాక్టరైనా అలా రాసినట్టు నేను వినలేదు.

ఇక నిప్పు. రైతు తెచ్చిన పత్తిలో ఒక చిన్న రాయి, ఒక మేకు ఉంటే చాలు. మిషనులో ఇనుముకు తగిలి రవ్వ పుడుతుంది. పత్తి మంట పైకి ఆరినట్టు కనిపిస్తుంది, నొక్కి కట్టిన బేలు లోపల మాత్రం రోజుల తరబడి రగులుతూ ఉంటుంది. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. ఆ వార్త చదివిన మర్నాడు మీ మిల్లులో నీళ్ల పైపు తిప్పి చూసినవాళ్లు ఎందరు? చేతులు ఎత్తనక్కరలేదు.

మిషను దగ్గరికి వచ్చాను. ఇక్కడ కాగితం పక్కన పెడుతున్నాను.

1993 డిసెంబరు. పత్తి బండ్లు గేటు బయట బారులు తీరిన రోజులు. అప్పట్లో మా మిల్లులో ఒక్కో జిన్నుకు, అంటే గింజ తీసే మిషనుకు, ఒక్కో మోటారు లేదు. పొడవాటి షాఫ్టు ఒకటి, దాని నుంచి ప్రతి జిన్నుకూ ఒక బెల్టు. బెల్టు చుట్టూ ఇనుప జాలీ. రోలరు మీది తోలు అరిగితే మళ్లీ గాడి కొట్టాలి. అందుకని ఏడో నంబరు జిన్ను జాలీ విప్పారు. గాడి కొట్టారు, మిషను నడిపారు, జాలీ మాత్రం బిగించలేదు. గోడకు ఆనించి పెట్టారు. పదకొండు రోజులు అది అక్కడే ఉంది. పదకొండని ఎలా చెప్పగలనంటే, కాటా గదికి వెళ్లే దారిలో అదే అడ్డం. రోజూ పంచె అంచు దానికి తగులుకోకుండా ఎత్తి పట్టుకుని దాటేవాణ్ణి.

ఆమె పేరు చెప్పను. మనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు. ముక్కుకు కట్టుకోవడానికి మేమేమీ ఇవ్వలేదు కాబట్టి ఆడవాళ్లందరూ చీరకొంగే కట్టుకునేవారు. ఆమె కొంగు ముడి వదులై బెల్టు మీద పడింది. లాక్కుందామని కుడిచెయ్యి చాచింది. బెల్టుకూ పుల్లీకీ నడుమ నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు మిగిలింది.

చూశారా, దుమ్మును ఒక సంగతిగా, మిషనును ఇంకో సంగతిగా రాసుకొచ్చాను. ఆమెకు అవి రెండూ ఒకటే అయ్యాయి.

ఆ సాయంత్రం ప్రమాదాల రిజిస్టరు తీశాను. 'కారణం' అని ఒక గడి ఉంటుంది. సేటు నన్ను బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి నాకొక సాకు ఉండేది. 'ఎప్పటిలాగే రాసెయ్యి' అన్నాడంతే. నేను 'కార్మికురాలి అజాగ్రత్త' అని రాశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మిల్లులో పేరు.

నెల తర్వాత ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. సేటు ఆరు వేలు ఇచ్చాడు. ఆ గడి చూపించి, తప్పు నీదైనా దయతలచి ఇస్తున్నామన్నాడు. ఇక ఏమీ అడగనని కాగితం నేనే రాశాను. ముద్ర వేయాలి. మిగిలిన ఆ బొటనవేలినే ఇంకు ప్యాడు మీద అద్దించాను.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. చూశాను. ఇంకొంచెం ఓపిక పట్టండి.

మిల్లు మానేశాక ఒక వకీలు దగ్గర టైపు పనికి కుదిరాను. అక్కడ టైపు చేస్తూ చేస్తూ చట్టం చదివాను. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి పరిహారం చట్టంలో వేళ్లకూ లెక్క ఉండేది. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే సంపాదన శక్తిలో సగం పోయినట్టు. యజమాని తప్పించుకునే దారులూ అందులో రాసి ఉండేవి: కార్మికుడు తాగి ఉండటం, భద్రత కోసం ఇచ్చిన ఆజ్ఞను కావాలని ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తీసేయడం. 'అజాగ్రత్త' అన్న మాట అందులో లేదు. నేను రాసిన మాటకు చట్టంలో పైసా విలువ లేదు, ఆమె నోరు మూయించడానికి మాత్రం సరిపోయింది. ఇంకోటి కూడా చూశాను. ఆడమనిషికి ఒకేసారి మొత్తంగా ఇచ్చే పరిహారాన్ని కమిషనరు దగ్గర జమ చేయాలి. నేరుగా చేతికిస్తే ఇచ్చినట్టే కాదని ఎనిమిదో సెక్షను. అంటే ఆ ముద్ర కాగితమూ చెల్లదు. పత్తి జిన్నింగును సీజనల్ ఫ్యాక్టరీగా లెక్కగట్టి ఈఎస్ఐ అనే కార్మిక బీమా చట్టం తన పరిధిలోంచి తప్పించింది కాబట్టి ఆమెకు మిగిలిన దారి ఈ చట్టం ఒక్కటే. దావా వేయడానికి గడువు రెండేళ్లు. నేను ఈ సెక్షన్లు చదివేసరికి పదకొండేళ్లయింది.

ముందు వరసలోని వారు ఇబ్బందిగా కదులుతున్నారు. మీ మిల్లుల్లో ఇప్పుడు మోటార్లు వేరు, ఫీడర్లు వేరు, నాకు తెలుసు. చట్టం కూడా మారింది. పనిచోట భద్రత, ఆరోగ్యం మీద 2020లో చేసిన కోడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. నియామక పత్రం ఇవ్వాలంటుంది, ఉచిత వైద్య పరీక్ష అంటుంది. మంచిదే. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పద్దెనిమిది మందితో నడిచే మిల్లులో బెల్టుకు ఆ లెక్క తెలుస్తుందా? గాయపడినవారు నలభై ఎనిమిది గంటలు పనికి రాలేకపోతే నోటీసు పంపాలన్న మాట మాత్రం పాత చట్టంలోనూ ఉంది, కొత్త దానిలోనూ ఉంది. ఆ నోటీసు రాసేది సేటు కాదు.

ఈ సభలో గుమాస్తాలు, సూపర్‌వైజర్లు ఎవరున్నారు? ఈసారి చేతులు ఎత్తండి. అయిదుగురు... ఆరుగురు. నేను వచ్చింది మీ కోసం. రేపు మీ ముందుకు ఆ రిజిస్టరు వస్తుంది. అందులో ఆ గడి ఉంటుంది. నాకు మళ్లీ ఆ పేజీ ఇస్తే ఇలా రాస్తాను. రాసుకోండి.

'ఏడో నంబరు జిన్ను బెల్టు జాలీ పదకొండు రోజులుగా తీసి ఉంది. ముక్కుకు గుడ్డ ఇవ్వలేదు. మిషను ఆపే మనిషి దగ్గర లేడు. జాలీ గోడకు ఆనించి ఉన్న సంగతి గుమాస్తాకు తెలుసు.'

కింద నా సంతకం.