సంతకానికి పనికొచ్చినావిడ బోర్డుకు పనికిరాదా?

(గుంటూరు బ్రాడీపేటలో వ్యాపారుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మీకు నమస్కారం. శాలువాలకే ముప్పావు గంట పట్టింది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

కంపెనీ బోర్డుల్లో ఆడవాళ్లు ఉండి తీరాలనడం సబబేనా అని అడిగారు. సబబే. 2013 కంపెనీల చట్టం వచ్చాక షేర్ మార్కెట్లో లిస్టయిన ప్రతి కంపెనీలో, లిస్టు కాకపోయినా 100 కోట్ల మూలధనమో 300 కోట్ల టర్నోవరో ఉన్న పబ్లిక్ కంపెనీలో, కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. చాలాచోట్ల ఏం చేశారు? భార్యనో కూతుర్నో తెచ్చి కూర్చోబెట్టారు. దాంతో పెద్ద 500 లిస్టెడ్ కంపెనీల్లో 2019 ఏప్రిల్ నుంచి, 1000 కంపెనీల్లో ఆ మరుసటేడు నుంచి, ఇండిపెండెంట్ మహిళా డైరెక్టరు ఉండాలంది షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ. అంటే యజమాని చుట్టం కానావిడ. నార్వే 2003లోనే 40 శాతం అని చట్టం చేసింది. సరే, నార్వే మనకెందుకు!

"తగిన ఆడవాళ్లు దొరకడం లేదండీ" అంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ప్రైవేటు లిమిటెడ్‌కి ఈ మహిళా నిబంధన లేదు. కానీ కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. మన కోల్డ్ స్టోరేజీల్లో, జిన్నింగు మిల్లుల్లో ఆ రెండో డైరెక్టరు ఎవరండీ? ఇంట్లో ఆవిడే కదా! అప్పుడు అర్హత ఎవరైనా అడిగారా?

నేను కంపెనీ సెక్రటరీని, అంటే కంపెనీల చట్టపు కాగితాలు చూసే వృత్తి. ఒకావిడ కారప్పొడి యూనిట్‌కి కంపెనీ పెడదామని నా దగ్గరకొచ్చింది. బీకాం చదివింది. మిరపకాయ చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పేస్తుంది. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూస్తే ఆవిడ డైరెక్టరుగా అనర్హురాలు! భర్త కంపెనీ వరసగా మూడేళ్లు ఆ శాఖకు వార్షిక రిటర్నులు వెయ్యలేదు. అలాంటి కంపెనీ డైరెక్టర్లు ఇంకే కంపెనీలోనూ అయిదేళ్లపాటు డైరెక్టరుగా చేరడానికి వీల్లేదు. తను డైరెక్టరునన్న సంగతే ఆవిడకు తెలీదు. "గుమాస్తా వంటింటి గుమ్మం దాకా వచ్చి, పెన్సిల్ టిక్కు ఉన్నచోటల్లా సంతకం పెట్టండమ్మగారూ అన్నాడండీ. చేతికి పిండి ఉందయ్యా అంటే, తుడుచుకుని పెట్టండి అన్నాడు" అంది.

వెనక వరస వాళ్లు నవ్వుతున్నారు. మీ ఇంట్లో ఆ టిక్కుల దగ్గర సంతకాలు పెట్టిందెవరు బాబూ? 2017లో దేశంలో మూడు లక్షలకు పైగా డైరెక్టర్ల మీద ఈ వేటు పడింది. అందులో ఇలాంటి అమ్మగార్లు ఎందరో!

కాబట్టి చట్టం ఉండాలి. మళ్లీ చెప్తున్నా, ఉండాలి. కుర్చీతో పాటు కాగితం కూడా ఆవిడ చేతికి రావాలి. బోర్డు మీటింగుకి ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలని చట్టంలోనే ఉంది. ఇక్కడున్న డైరెక్టరమ్మల్లో ఆ నోటీసు కళ్లారా చూసినవాళ్లు చేతులెత్తండి.

...ఇద్దరు. వాళ్లలో ఒకరు నా అసిస్టెంటు.

అధ్యక్షులవారు చీటీ పంపారు, టైమైపోయిందట. ఒక్క నిమిషమండీ. మీ పేరు ఏ కంపెనీలో ఉందో తెలీకపోతే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి. ఫోన్‌లోనే చూసి చెప్తాను. మగవాళ్లు కూడా రావచ్చు, మీ ఆవిడ వెంట ఉంటే.