ప్రహరీ మీద చిరుత, అటక మీద పునుగు పిల్లి: ఇంటికి అడవి జంతువు వస్తే ఏం చేయాలి?

[తెరపై: తెల్లవారుజాము. జీవకోనలో ఒక వీధి. వరుసగా మిద్దెలు, వాటి వెనకే కొండ.]

నమస్కారం. తిరుపతిలో జీవకోనలోనో, కపిలతీర్థం వైపో, అలిపిరి దగ్గరో ఇల్లున్నవారికి నాలుగడుగులు వేస్తే కొండే. ఆ కొండల్లోనే 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. ఆ కొండలు భాగమైన శేషాచలం శ్రేణిని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, అడవి పందులు అన్నీ అక్కడ ఉన్నాయి. ఆ అడవికీ మన కాలనీలకూ మధ్య చాలా చోట్ల ఒక్క మట్టి బాట తప్ప అడ్డేమీ లేదు. కాబట్టి ఏదో ఒక రోజు మన పెరట్లోకి ఒక జంతువు వస్తుంది. అప్పుడేం చేయాలో ఈ వీడియోలో చెప్పుకుందాం.

ముందే ఒక మాట చెబుతాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అడవి జంతువుకు దారి వదలండి, తిండి వదలకండి. మన దగ్గర ఎక్కువగా దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. రోజూ రాత్రి తిండి బయట వదిలేస్తాం, జంతువు వచ్చిన రోజున నలుగురం చేరి దారి మూసేస్తాం.

[తెరపై: వీధి చివర చెత్తకుప్ప. తెగిన కవర్లలోంచి అన్నం, కోడి వ్యర్థాలు. నాలుగైదు కుక్కలు.]

చిరుత సంగతి చూడండి. ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణంలో చిరుత, ఫలానా కాలనీలో చిరుత అని వార్త వచ్చినప్పుడల్లా అడవిలో దానికి తిండి లేదేమో అంటారు. ఆ మాట కంటే ముందు ఈ కుప్పను చూడాలి. పారేసిన అన్నానికి, మాంసం ముక్కలకు కుక్కలు చేరతాయి, పందులు చేరతాయి. అడవిలో ఒక దుప్పిని పట్టాలంటే చిరుత ఎంతసేపు మాటు వేయాలో! ఇక్కడ తిని పడుకున్న కుక్క దొరుకుతుంది. చీకటి పడ్డాక వస్తుంది, పని చూసుకుని తెల్లవారేలోపు వెళ్ళిపోతుంది. ఎన్ని రాత్రులు అలా మన వీధిలోంచి వెళ్ళిందో మనకు తెలియను కూడా తెలియదు. సీసీ కెమెరాలు వచ్చాక తెలుస్తోంది, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. నిజంగా ఎదురుపడితే?

కాళ్ళకు బుద్ధి చెప్పాలనిపిస్తుంది. ఆ ఒక్క పని చేయకండి. పరుగెత్తే దాన్ని వెంటాడటం ఆ జంతువు స్వభావం. అలాగని కూర్చోవద్దు, వంగవద్దు. నిటారుగా నిలబడిన మనిషి చిరుతకు మామూలు వేటలా కనిపించడు. వంగినప్పుడు, కూర్చున్నప్పుడు చిన్న జంతువులా కనిపిస్తాడు. పిల్లలు పక్కనుంటే వంగకుండానే దగ్గరికి లాక్కోండి, వీలైతే ఎత్తుకోండి. చేతులు పైకెత్తి, కండువానో చున్నీనో చాపి పట్టుకుని, గట్టిగా మాట్లాడుతూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేయండి. దానికి వీపు చూపించవద్దు. రాళ్ళు విసరవద్దు. చాలాసార్లు అదే ముందు పక్కకు తప్పుకుంటుంది.

[తెరపై: అలిపిరి కాలినడక మార్గం. చేతి కర్రలతో గుంపుగా నడుస్తున్న భక్తులు.]

2023 ఆగస్టులో ఈ మార్గంలో చిరుత దాడికి ఆరేళ్ళ పాప బలైంది. ఆ వార్త విన్న ఏ తల్లీ ఏ తండ్రీ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోయి ఉండరు. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నడకదారిలోకి అనుమతించకూడదని నిర్ణయించింది. భక్తులకు చేతి కర్రలు ఇచ్చింది, గుంపులుగా నడవమంది. దారిలో జంతువులకు ఆహారం పెట్టవద్దని కూడా చెప్పింది. కర్రల గురించి అప్పట్లో ఎగతాళి చేసినవారున్నారు. చిరుతతో కర్రసాము చేయమని ఎవరూ అనలేదు. చేతిలో కర్ర ఉన్న మనిషి పెద్దగా కనిపిస్తాడు, నేలకు తాటిస్తే చప్పుడవుతుంది, ముఖ్యంగా గుండె దిటవుగా ఉండి పరుగు తీయడు. నాకైతే అది తెలివైన పనే అనిపిస్తుంది. కొండ వారగా ఉన్న కాలనీల్లో చీకటి పడ్డాక పిల్లలను చిల్లర కొట్టుకు ఒంటరిగా పంపకపోవడం కూడా ఆ కోవలోదే.

ఇక చిరుత ఇంట్లోకో, గొడ్ల చావడిలోకో దూరిందనుకోండి. లోపలివారంతా బయటికి వచ్చి, బయటి నుంచి తలుపు గడియ పెట్టి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. నంబరు తెలియకపోతే అత్యవసర నంబరు 112కు చేయండి. పెరట్లో ఉంటే మీరు ఇంట్లో ఉండి తలుపులేసుకోండి, అడవి వైపు దారి ఖాళీగా వదిలేయండి. రాత్రి కాగానే తనంతట తానే వెళ్ళిపోవచ్చు.

అయితే జరిగేది వేరు. క్షణాల్లో వంద మంది చేరతారు. మిద్దెల మీద కొందరు, గోడల మీద కొందరు, అందరి చేతుల్లో ఫోన్లు, ఈలలు, కేకలు. ఏ వైపు చూసినా మనుషులే అయినప్పుడు ఆ జంతువు ఎవరో ఒకరి మీదుగా దూకి పోవాల్సిందే. చాలా గాయాలు ఆ తొక్కిసలాటలోనే అవుతాయి. పైగా అటవీ సిబ్బంది వేసే మత్తు సూది తగిలిన వెంటనే చిరుత పడిపోదు, మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలూ అది బెదిరి పరుగెడుతుంది. చుట్టూ జనం ఉంటే ఏ పశువైద్యుడు ధైర్యంగా సూది వేయగలడు? మీరు అక్కడికి వెళ్ళకపోవడం, మీ వాళ్ళను వెళ్ళనివ్వకపోవడం ఆ సిబ్బందికి మీరు చేయగల పెద్ద సాయం.

"పట్టుకుని దూరంగా వదిలేస్తే పీడ పోతుంది కదా" అని అడుగుతారు. మనుషుల మీద పడే చిరుతను పట్టక తప్పదు, దానిలో వాదన లేదు. కానీ కనిపించిన ప్రతిదాన్నీ పట్టి తరలించడం వేరు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2000ల తొలి ఏళ్ళలో చిరుతలను పెద్ద ఎత్తున పట్టి వేరే అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ఆ వివరాలన్నీ పరిశీలిస్తే, తరలింపు మొదలయ్యాక మనుషులపై దాడులు పెరిగాయని తేలింది. తెలియని చోట వదిలిన చిరుత బెదురుతో తిరుగుతుంది. ఇక్కడ ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వస్తుంది, చెత్తకుప్పా కుక్కలూ అలాగే ఉన్నాయి కనుక. బోను పెట్టమని అర్జీ ఇచ్చే కాలనీ సంఘాలు అదే కాగితంలో చెత్త రోజూ తీయించమని, వీధి దీపాలు వేయించమని కూడా రాయాలని నా కోరిక. పెంపుడు కుక్కను రాత్రిపూట గేటు దగ్గర కట్టేయకుండా లోపల పడుకోబెట్టండి.

[తెరపై: పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప. దాన్ని పొడవాటి కర్రతో కదిపి చూస్తున్న మహిళ.]

చిరుత కన్నా మనకు ఎక్కువసార్లు ఎదురయ్యేది పాము. ఈ కుప్పను చూడండి. పైన ఎండిన డొక్కలు, కింద చల్లని తేమ, మధ్యలో ఎలుకలు. పాముకు ఇంతకన్నా ఏం కావాలి? నీళ్ళు కాగబెట్టుకోవడానికని ఏళ్ళ తరబడి పేర్చిన కట్టెలు, మూలన పడేసిన పాత పెంకులు, పగిలిన తొట్లు కూడా ఇలాంటివే. వీటిని ఇంటి గోడకు దూరంగా, నేలకు కాస్త ఎత్తుగా పెట్టుకోండి. చేయి పెట్టే ముందు కర్రతో కదపండి.

మన ప్రాంతంలో ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. రక్తపింజరి ఒంటి మీద గొలుసుకట్టులా మూడు వరుసల మచ్చలుంటాయి. కోపం వస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది, ఆ చప్పుడు వింటే ఉన్నచోటే ఆగిపోండి. కట్లపాము ఇంకా దొంగ. రాత్రి ఇంట్లోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్ణమనుకుని సోడా తాగించి ఊరుకుంటే మనిషి దక్కడు. మంచం మీద పడుకోవడం, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపడం మంచి రక్షణ.

పాము ఇంట్లో కనిపిస్తే దూరంగా నిలబడి దాని మీద కన్ను వేసి ఉంచండి, ఎటు దూరిందో తెలియకపోవడం కన్నా అది మేలు. పిల్లలను, కుక్కను బయటికి పంపండి. శిక్షణ ఉన్న పాములు పట్టేవారిని పిలవండి. చంపబోయి కాటు తిన్నవారు ఎందరో. నాగుల చవితికి పుట్ట దగ్గర భక్తితో మొక్కే ఇళ్ళలోనే కర్ర ముందుగా లేస్తుంది. ఆ భక్తిలో కొంచెం ఓపిక కలిస్తే పాముకూ మనకూ క్షేమం.

కాటు పడిందా? కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. మంత్రం కోసం, పసరు కోసం ఊళ్ళు తిరగవద్దు. కాలికి కరిస్తే మెట్టెలు, పట్టీలు, చేతికి కరిస్తే ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ కాలినో చేతినో కదలకుండా కర్రబద్దతో వదులుగా కట్టి, నడిపించకుండా 108లోనో, దొరికిన బండిలోనో తీసుకెళ్ళండి. తిరుపతిలోనైతే రుయా ఆసుపత్రికి వెళ్ళండి. పామును చంపి సంచిలో వేసుకుని వెళ్ళనక్కర్లేదు. మన దేశంలో వాడే విరుగుడు మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిందే. ఆ మందుకు కావలసిన విషంలో చాలా భాగం మనకు దగ్గర్లోనే, చెన్నై పక్కన ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తుంది. 1978లో ఏర్పడిన ఆ సంఘం వారు పాములను చంపకుండా పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు.

[తెరపై: మిద్దె మీద నీళ్ళ తొట్టి. మూత పక్కకు నెట్టి తాగుతున్న కోతి.]

కోతుల గురించి తిరుపతివారికి నేను చెప్పేదేముంది! ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. హనుమంతుడి మీద ప్రేమతోనే అయినా చేతితో తిండి పెట్టకండి. పెట్టినవారి చేతి నుంచి తిన్న కోతి, పెట్టనివారి చేతి నుంచి లాక్కుంటుంది. దాని కళ్ళలోకి సూటిగా చూడవద్దు, నవ్వవద్దు, పళ్ళు కనిపిస్తే అది కయ్యానికి పిలుపు అనుకుంటుంది. కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు ధార కింద సబ్బుతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్ళండి.

[తెరపై: రాత్రి కెమెరా. గోడ అంచున నడిచిపోతున్న బూడిదరంగు జంతువు, ఒంటి మీద వరుసలుగా నల్లటి చుక్కలు, తోక మీద పట్టీలు.]

ఇది పునుగు పిల్లి. శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారి మూలమూర్తికి పూసే పునుగు తైలం ఈ జాతి జంతువు నుంచి వచ్చేదే. దీన్ని అటక మీద చూసి చిరుత పిల్ల అనుకుని హడలిపోయేవారున్నారు. దీనికి బంధువైన మానుపిల్లి ఇంకాస్త నల్లగా ఉంటుంది, సపోటాలు, మామిడిపండ్లు తిని గింజలు మన మిద్దె మీద విడుస్తుంది. రెండూ ఎలుకలను తింటాయి, మన జోలికి రావు. అటకలో చప్పుడు భరించలేకపోతే అది బయటికి వెళ్ళే రాత్రివేళ చూసి, లోపల పిల్లలు లేవని నిర్ధారించుకున్నాక కన్నం మూయండి. తల్లిని బయట, పిల్లలను లోపల ఉంచి మూస్తే అంతకన్నా పాపం లేదు.

అలాగే దేవాంగ పిల్లి. గుప్పెడు ఒళ్ళు, పెద్ద కళ్ళు, తోక ఉండదు. చెట్టు మీద ఉన్న పురుగులు తింటుంది. దొరికిందంటే చాలు, జనం టార్చిలైట్లు వేసి ఆ చీకటి జీవి కళ్ళలోకే కొడతారు. క్షుద్రపూజల పేరుతో దీన్ని పట్టి హింసించేవారూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది జైలుకు పంపే నేరం. ఉడుమును పట్టినా అంతే. ప్రాణాపాయం నుంచి కాపాడుకోవడానికి సదుద్దేశంతో చేసిన పనికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, వినోదానికి లేదు.

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు వీడియో చూస్తున్నవారి కష్టం వేరే స్థాయిది. ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి స్థిరపడ్డాయి, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను మళ్ళించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను కూడా తెచ్చారు. ఇంటి ఆవరణలో అరటి గెలలు, బెల్లం, తవుడు బస్తాలు వాసన తగిలేలా ఉంచకండి. ఏనుగు వచ్చిందని తెలిస్తే మిద్దె ఎక్కండి, టపాసులు పట్టుకుని ఎదురు వెళ్ళకండి. పొలం చుట్టూ కరెంటు తీగ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకండి. అది ఏనుగునూ చంపుతుంది, మన ఆవునూ, రాత్రి మోటారు వేయడానికి వచ్చే పొరుగు రైతునూ చంపుతుంది.

[తెరపై: తడి మట్టిలో రెండు అడుగుజాడలు, పక్కపక్కన.]

చివరగా, చిరుత వచ్చిందని వాట్సాప్‌లో వచ్చే ప్రతి వీడియోనూ పంపించకండి. చాలాసార్లు అది ఎక్కడిదో, ఎప్పటిదో. మీ పెరట్లో జాడ కనిపిస్తే ముందు దాన్ని చూడండి. ఎడమవైపు జాడలో వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు గుచ్చుకుని ఉన్నాయి, అది కుక్క. కుడివైపు దానిలో గోళ్ళు లేవు, నడిచేటప్పుడు చిరుత గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ఇలాంటిది కనిపిస్తే పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి, కొలత తెలుస్తుంది. వాన వచ్చినా చెరగకుండా దాని మీద ఒక గిన్నె బోర్లించండి. అటవీ రేంజ్ కార్యాలయానికి ఫోన్ చేసి ఏ వీధి, ఏ సమయం, జాడ ఎటు తిరిగి ఉంది అన్నవి చెప్పండి. ఆ కార్యాలయం నంబరు మీ ఫోన్లో లేకపోతే వీడియో ఇక్కడే ఆపి, వెతికి పెట్టుకోండి.