కిరణాన్ని దూరాన చుక్కగా నిలపడం ఎందుకంత కష్టం?

[తెరపై: భూతద్దం కింద పొగలేస్తున్న కాగితం]

భూతద్దంతో కాగితం కాల్చడం చిన్నప్పుడు అందరం చేసిందే. అదే కాగితం మూడు కిలోమీటర్ల అవతల ఉంటే?

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. తయారుచేసింది హైదరాబాద్‌లో ఉన్న ఆ సంస్థదే చెస్ ల్యాబ్. అంత పవర్ పుట్టించడం కష్టమే. దాన్ని దూరాన ఒక్కచోట పడేలా చేయడం అంతకన్నా కష్టం.

[తెరపై: లెక్క]

చుక్క వ్యాసం = 2.44 × తరంగదైర్ఘ్యం (అల పొడవు) × దూరం ÷ కిరణాన్ని పంపే అద్దం వ్యాసం.

ఉదాహరణకి ఫైబర్ లేజర్ (గాజు తీగలో పుట్టే లేజర్) అల పొడవు 1.07 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అద్దం 30 సెంటీమీటర్లు, దూరం 3.5 కిలోమీటర్లు అనుకుందాం. చుక్క సుమారు 3 సెంటీమీటర్లు. అద్దం ఎంత నునుపుగా చెక్కినా ఇంతకన్నా చిన్నది కాదు. కాంతి అలగా నడుస్తుంది కాబట్టి అద్దం అంచు దాటగానే విచ్చుకుంటుంది.

లేజర్ బదులు మైక్రోవేవ్‌తో పవర్ పంపితే? ఇదే లెక్క వేయండి. 2.45 గిగాహెర్ట్జ్ అంటే అల పొడవు 12 సెంటీమీటర్లు. మీటరు డిష్‌తో సుమారు 16 మీటర్ల దాకానే ఫోకస్ అనే మాటకి అర్థం ఉంటుంది, ఆ తర్వాత కిరణం పరుచుకుంటూ పోవడమే. 36,000 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహం నుంచి కరెంటు పంపాలంటే, అక్కడ కిలోమీటరు వెడల్పు యాంటెన్నా పెట్టినా నేల మీద మచ్చ 10 కిలోమీటర్లు దాటుతుంది. 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో 1.54 కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకి పైగా పంపగలిగారంటే, చేతిలో 26 మీటర్ల డిష్ ఉండబట్టే.

[తెరపై: మధ్యాహ్నం తారు రోడ్డు, పైన అల్లాడే గాలి]

చిన్న అల వల్ల లేజర్ ఇక్కడ గెలుస్తుంది. కానీ అసలు చిక్కు గాలితో. ఎండకి కాగిన నేల మీద వేడి గాలీ చల్ల గాలీ కలిసి సుళ్లు తిరుగుతుంటాయి. ప్రతి సుడీ ఓ వంకర కటకమే. మిట్టమధ్యాహ్నం నేలని ఆనుకుని వెళ్లే దారిలో 30 సెంటీమీటర్ల అద్దం ఒక్కోసారి 3 సెంటీమీటర్ల అద్దంలాగే పనిచేస్తుంది. చుక్క పదింతలు పెరుగుతుంది, అంటే వేడి వందో వంతుకి పడిపోతుంది. అప్పుడు డ్రోన్ రెక్కకి చిల్లు పడదు.

పవర్ పెంచితే సరిపోదా? సరిపోదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. కిరణం దారిలోని గాలినే వేడెక్కిస్తుంది. మధ్యలో గాలి పలచబడి పుటాకార కటకంలా మారి కిరణాన్ని చెదరగొడుతుంది. పవర్ పెంచేకొద్దీ చెదరడమూ పెరుగుతుంది. అడ్డంగా గాలి వీస్తే ఆ వేడి కొట్టుకుపోయి కొంత మేలు.

[తెరపై: వెనక చిన్న మీటలున్న పలుచటి అద్దం]

విరుగుడు వంగే అద్దం. లక్ష్యం నుంచి తిరిగొచ్చే వెలుగుని సెన్సర్ చదివి, అల ఎక్కడ వంకరపోయిందో చెబుతుంది. అద్దం వెనక మీటలు సెకనుకి వందల నుంచి వేలసార్లు మైక్రాన్ల మేర ఎదురు వంపు తీసుకొస్తాయి. అయితే దూరం ఎక్కువై వెలుగులోనే నల్లటి ఖాళీలు పడితే, అక్కడ సెన్సర్‌కి చదవడానికేమీ ఉండదు, దిద్దుబాటు దెబ్బతింటుంది.

ఇక వణుకు. వాహనం మోటారు అదురుకి కిరణం 10 మైక్రోరేడియన్లు, అంటే డిగ్రీలో వెయ్యో వంతుకన్నా తక్కువ కోణం, కదిలినా, 3.5 కిలోమీటర్ల దగ్గర అది 3.5 సెంటీమీటర్లు. చుక్క మొత్తం పక్కకి పోయినట్టే, కాగుతున్న చోటు మళ్లీ చల్లారిపోతుంది.